సిగ్నల్ అందని ఊరికీ హైదరాబాద్‌కీ ఒకటే రీచార్జి రేటు, ఇది న్యాయమేనా?

పాడేరు టీచర్

అందరికీ నమస్కారం. జియో 349 తీసుకోవాలా, ఎయిర్‌టెల్ 379 తీసుకోవాలా అని ఎవరైనా అడిగితే చాలు, అందరూ స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు పెడతారు. 300 ఎంబీపీఎస్, 400 ఎంబీపీఎస్ అంటారు. నేను ఇంకో వైపు నుంచి అడుగుతున్నాను.

నాది ఏజెన్సీలో ఉద్యోగం. మా బడి ఉన్న లోయలో ఫోన్‌లో ఒక్క గీత కనిపిస్తే గొప్ప. మా హాజరు, పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు, అన్నీ యాప్‌లోనే పెట్టాలి. బడి వెనక ఒక పెద్ద బండ ఉంది. దానిమీద ఎక్కి తూర్పు వైపు తిరిగి నిలబడితే రెండు గీతలు వస్తాయి. ఫోటో సగం ఎక్కి ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి. ఈలోపు క్లాసులో పిల్లలను చూసేవాళ్లు ఉండరు.

రీచార్జి మాత్రం మాదాపూర్‌లో ఉన్నవాళ్లు ఎంత కడితే నేనూ అంతే. రోజుకు 2 జీబీ ఇచ్చామంటారు. అందులో నేను వాడగలిగేది ఏ మూలకీ రాదు, మిగిలింది అర్ధరాత్రి 12 దాటితే పోతుంది. అదే డబ్బుకి నగరంలో అన్‌లిమిటెడ్ 5జీ. ఆర్టీసీలో పల్లెవెలుగుకీ గరుడకీ ఒకే టికెట్ కొట్టరు కదా. కవరేజీ తక్కువ ఉన్నచోట రేటు తగ్గించాలని నా వాదన. మీరేమంటారు?

కూకట్‌పల్లి 9వ ఫేజ్

మాస్టారూ, మీ ఇబ్బంది నిజం, అందులో అనుమానం లేదు. కానీ రేటు తగ్గించమనడం మీకే నష్టం అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక టవర్ కింద వేలమంది ఉంటారు. మీ దగ్గర ఒక టవర్ వేస్తే రెండు మూడు గూడేలు, కొన్ని వందల ఫోన్లు. కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్ ఘాట్ రోడ్డు మీద మోసుకెళ్లాలి. మనిషికి ఎంత ఖర్చవుతుందని లెక్కేస్తే మీ సిమ్ కంపెనీకి ఎక్కువ ఖరీదు. ఆ పైన రేటు కూడా తగ్గించమంటే కొత్త టవర్ ఎవడు వేస్తాడు? ఉన్నదాన్ని కూడా పట్టించుకోరు.

ఇంకోటి, నగరంలో ఏదో స్వర్గం ఉందనుకోవద్దు. మా అపార్ట్‌మెంట్‌లో ఫోన్ మీద 5జీ అని గుర్తు ఉంటుంది, రాత్రి 9 అయితే వీడియో తిరుగుతూనే ఉంటుంది. సెల్లార్‌లోకి దిగితే కాల్ కట్. మరి నాకూ సెల్లార్ డిస్కౌంట్ ఇవ్వాలా? ఎక్కడ ఎంత సిగ్నల్ ఉందో కొలిచి, ఎవరి రేటు వాళ్లకు వేయడం అయ్యే పని కాదు.

టవర్ల పని

నేను ఈ ఫీల్డ్‌లోనే ఉంటాను కాబట్టి రెండు ముక్కలు.

గీతలను నమ్మకండి, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ అని ఉంటుంది. అక్కడ సిగ్నల్ స్ట్రెంగ్త్ డీబీఎం అనే కొలతలో వస్తుంది, మైనస్ అంకె పెరిగే కొద్దీ సిగ్నల్ బలహీనం. మైనస్ 85 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 దాటి మైనస్ 115, 118 అలా ఉంటే కాల్ వచ్చినా డేటా ఏడిపిస్తుంది. ముఖ్యంగా అప్‌లోడ్. టవర్ పెద్ద పవర్‌తో పంపగలదు, మీ చేతిలోని ఫోన్ అంత పవర్‌తో తిరిగి పంపలేదు. మాస్టారి ఫోటో సగంలో ఆగిపోవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు.

కొండ ప్రాంతంలో 5జీ స్పీడ్ పోల్చి ప్లాన్ కొనడం దండగ. ఆ పెద్ద పెద్ద స్పీడ్లు వచ్చే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ (సిగ్నల్ నడిచే తరంగాల శ్రేణి) ఎక్కువ దూరం పోదు, గోడలే సరిగ్గా దాటలేదు, కొండలేం దాటుతుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్లే దూరం పోతాయి. మీకు కావలసింది దగ్గరలో ఆ బ్యాండ్ మీద 4జీ ఇచ్చే టవర్. అది ఎవరిదైతే వాళ్ల సిమ్ తీసుకోండి, రేటు తర్వాత.

కూకట్‌పల్లి అన్న సమస్య వేరు. అక్కడ సిగ్నల్ ఉంటుంది, ఒకే టవర్ మీద జనం ఎక్కువై స్పీడ్ పడిపోతుంది. అందుకే కవరేజీ, స్పీడ్ రెండూ కలిపి మాట్లాడితే ఏదీ తేలదు.

పాడేరు టీచర్

టవర్ గారికి ధన్యవాదాలు, ఆ సెట్టింగ్ చూస్తాను. కూకట్‌పల్లి తమ్ముడికి మాత్రం ఒక జవాబు చెప్పాలి.

మారుమూల టవర్‌కి ఖర్చు ఎక్కువ అన్నావు. ఆ ఖర్చు కోసమే మన దగ్గర ముందే వసూలు చేస్తున్నారయ్యా. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు ఆదాయంలో (కొన్ని మినహాయింపులు పోగా లెక్కేసే ఆదాయం) 8 శాతం లైసెన్సు ఫీజు కడతాయి, అందులో 5 శాతం గ్రామీణ కవరేజీ నిధికి పోతుంది. అప్పట్లో యూఎస్ఓ ఫండ్ అనేవారు, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. 349 రీచార్జిలో జీఎస్టీ తీసేస్తే దాదాపు 296 రూపాయలు. అందులో 5 శాతం అంటే సుమారు 15 రూపాయలు. బండమీద నిలబడి ఫోటో పంపే నేనూ ప్రతి రీచార్జిలో ఆ 15 రూపాయలు కడుతున్నాను.

ఆ నిధితోనే ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 5 రాష్ట్రాల్లోని వెనకబడిన జిల్లాల్లో 7,287 ఊళ్లకు 4జీ ఇస్తామని 2021 నవంబరులో కేబినెట్ ఆమోదించింది. 2022 జులైలో దేశం మొత్తం మీద 24,680 ఊళ్లకు 26,316 కోట్లతో బీఎస్ఎన్ఎల్‌కి పని అప్పగించారు. కాబట్టి మాకేదో దానం చేస్తున్నట్టు మాట్లాడొద్దు.

నెల జీతం

పల్లె, పట్నం గొడవ మధ్యలో అసలు అన్యాయం ఎవరూ చూడట్లేదు. డబ్బు ఒకేసారి కట్టగలిగినవాడికి చవక, కట్టలేనివాడికి ఖరీదు. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడు వచ్చిన జియో ధరలే చూడండి.

189 ప్లాన్: 28 రోజులకు మొత్తం 2 జీబీ. అంటే జీబీ 94 రూపాయల పైమాట.
349 ప్లాన్: 28 రోజులు, రోజుకు 2 జీబీ. అంటే జీబీ 6 రూపాయల చిల్లర.

అతి తక్కువ ప్లాన్ వేసుకునేది ఎవరు? కూలి పనికి పోయే మా ఇంటి పక్క అక్క లాంటివాళ్లు. ఆమె జీబీకి నాకంటే 15 రెట్లు కడుతోంది.

ఇంకా చూడండి. 349 ప్లాన్ 28 రోజులు కాబట్టి ఏడాదికి 13 సార్లు వేయాలి, 4,537 రూపాయలు. అదే 3,599 ఒకేసారి కట్టినవాడికి 365 రోజులు, రోజుకు 2.5 జీబీ. డేటా ఎక్కువ, 938 రూపాయలు తక్కువ. ఈ 28 రోజుల సంగతి మీద గోల చేస్తే, 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి రెన్యువల్ అయ్యేది ఒకటి కనీసం ఉండాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. ఉన్నాయి, యాప్‌లో వెతుక్కుంటే దొరుకుతాయి. పైకి కనిపించేవి మాత్రం 28 రోజులవే.

దానికితోడు 2025 ఆగస్టులో జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకు 1 జీబీ ఇచ్చే 249 ప్లాన్ తీసేశాయి. పేదవాడికి మధ్యమెట్టు కూడా లేకుండా పోయింది.

డల్లాస్ తెలుగు

నెల జీతం గారూ, అందరికీ డేటా అక్కర్లేదు కదా. మా అమ్మానాన్న తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు, ఇంట్లో వైఫై ఉంది. ఫోన్లో కావలసింది కాల్స్, బ్యాంకు ఓటీపీలు మాత్రమే. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్ తప్పనిసరి అని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పాక 2025 జనవరిలో వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 1,849కి 365 రోజులు, జియోలో 1,748కి 336 రోజులు. వాళ్లకి ఎయిర్‌టెల్‌ది వేయించాను. నెలకు 155 రూపాయలు దాటలేదు. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో ఇది చూసుకోవాలి.

కూకట్‌పల్లి 9వ ఫేజ్

మాస్టారూ, దానం అని నేననలేదు, అలా వినపడితే క్షమించండి. ఆ 5 శాతం లెక్కతో నేను ఏకీభవిస్తాను. కానీ అది మీరు ప్రభుత్వాన్ని టవర్ ఎక్కడ అని అడగడానికి పనికొస్తుంది, కంపెనీని రేటు తగ్గించమనడానికి కాదు. మన దేశంలో మొబైల్ రేట్లు ట్రాయ్ నిర్ణయించదు, కంపెనీలకే వదిలేసింది. పైగా ఆంధ్ర, తెలంగాణ రెండూ టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒకటే సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం. పాడేరుకి ఒక రేటు, గచ్చిబౌలికి ఒక రేటు అంటే, పాడేరులో సిమ్ కొని గచ్చిబౌలిలో వాడేవాళ్లు రేపే తయారవుతారు.

ఏటూరునాగారం

నేను ఇంతసేపు చదువుతూ ఉన్నా. రేటు తగ్గించాలి, వద్దు అని రెండు పక్కలా పట్టుకున్నారు. నా దృష్టిలో అడగాల్సింది రేటు కాదు, రాని రోజులకు లెక్క.

ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి పడిపోతే ప్రీపెయిడ్ వాళ్లకు ఆ మేరకు గడువు పొడిగించాలి, పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గించాలి. ప్రకృతి వైపరీత్యమైతే మినహాయింపు. వినడానికి బాగుంది. కానీ లెక్క జిల్లా మొత్తానికి. మా గూడెంలో ఒక్కటే టవర్. వానాకాలంలో దానికి కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి వరుసగా రోజులకు రోజులు చచ్చి పడుంటుంది. ములుగు జిల్లా మొత్తం బంద్ కాలేదు కాబట్టి మాకు ఒక్క రోజు గడువు కూడా పెరగదు. కాన్పు కేసుకి 108కి ఫోన్ చేయాలంటే బైకు మీద సిగ్నల్ వచ్చే దాకా పోవాలి. ఆ రోజులన్నీ మా 28లో నుంచే పోతున్నాయి.

ఏ టవర్ ఎప్పుడు పడిపోయింది, ఎప్పుడు లేచింది కంపెనీ దగ్గర నిమిషాలతో సహా ఉంటుంది. ఏ సిమ్ ఎక్కువగా ఏ టవర్ మీద ఉంటుందో అదీ తెలుసు. కాబట్టి కొలవలేం అనే మాట ఇక్కడ చెల్లదు, కూకట్‌పల్లి అన్నా. జిల్లా అన్న చోట టవర్ అని మార్చితే చాలు. టవర్ రెండు రోజులు లేకపోతే, దాని మీద ఆధారపడ్డ సిమ్‌లకు రెండు రోజులు గడువు పెరగాలి. దీనివల్ల కంపెనీ రేటు మారదు, టవర్ బాగుచేయకపోతే మాత్రం నష్టం దానికే.

టవర్ల పని

ఏటూరునాగారం గారు చెప్పింది సాంకేతికంగా కుదిరే పనే. ఎప్పుడు పడిపోయిందో రాసే డౌన్‌టైమ్ లాగ్ ప్రతి టవర్‌కీ ఉంటుంది. గడువు పొడిగించాల్సి వస్తుందన్న భయం కంపెనీకి ఉంటే బ్యాటరీలు మార్చమని మేము పెట్టే రిక్వెస్టులు కూడా తొందరగా కదులుతాయి.

మారుమూల ఊళ్లవాళ్లకు ఇంకో మాట. 2025 జనవరి నుంచి ఆ డిజిటల్ భారత్ నిధితో వేసిన 4జీ టవర్లను వేరే కంపెనీల సిమ్‌లు కూడా వాడుకునే ఏర్పాటు మొదలైంది, జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ మధ్య. మీ దగ్గర అలాంటి టవర్ ఉండి కూడా సిగ్నల్ చూపించకపోతే ఫోన్‌లో నెట్‌వర్క్ సెలెక్షన్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో, రోమింగ్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి.

పాడేరు టీచర్

బండమీద చూశాను, మైనస్ 109. కిందకి దిగితే మైనస్ 119. పక్క ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్, బడి వరండాలోనే మైనస్ 104 వచ్చింది. కాబట్టి పోర్ట్ పెట్టడానికే, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారడానికే నిర్ణయించుకున్నాను. 1900కి పోర్ట్ అని, ఒక ఖాళీ వదిలి నంబరు కొట్టి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, నాలుగు రోజుల్లో వాడుకోవాలి. కొత్తగా మారినవాళ్లు 90 రోజులు ఆగాలి కాబట్టి, మారే ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్నవాళ్ల ఫోన్‌తో ఇంట్లో, పనిచేసే చోట రెండు దగ్గర్లా కొలిచి చూసుకోండి. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాల్సిన కవరేజీ మ్యాపులు ఉన్నాయి కానీ, కొండల మధ్య మ్యాపు కంటే పక్కవాళ్ల ఫోన్ నయం.

రేటు తగ్గించాలన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను. కానీ ముందు టవర్ లెక్కన గడువు పొడిగింపు అడుగుదాం అన్న ఏటూరునాగారం గారి మాట బాగుంది. ట్రాయ్ నిబంధనలు మార్చే ముందు కన్సల్టేషన్ పేపర్ పెట్టి జనం అభిప్రాయాలు అడుగుతుంది, ఎవరైనా పంపొచ్చు. ఈ నెల నుంచి మా టవర్ పడిపోయిన తేదీలు, గంటలు బడి రిజిస్టర్ వెనక పేజీలో రాస్తున్నాను. మీ ఊళ్లలో కూడా రాసిపెట్టి ఇక్కడే పోస్ట్ చేయండి.

ఏటూరునాగారం

సరే మాస్టారూ. మా దగ్గర నిన్న సాయంత్రం నుంచే లేదు, ఇది మంగపేట వచ్చి పెడుతున్నా. మొదటి తేదీ ఇదే రాసుకోండి.