ముగింపు ముందే తెలిసిన ప్రేమకథ చదవడం దేనికి?

బస్సు పాఠకురాలు (తిరుపతి):
రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకి బస్సులో ఉద్యోగానికి పోయి వస్తాను. బస్సులో ఫోన్ చూస్తే నాకు తల తిరుగుతుంది, పుస్తకం చదివితే ఏమీ కాదు. అదేం చిత్రమో! ఆ పుణ్యాన ఈ రెండు నెలల్లో నాలుగు నవలలు అయ్యాయి. మొన్న ఆఫీసులో పక్క సీటు సార్ అట్ట మీది బొమ్మ చూసి, "చివర్లో ఇద్దరూ కలుస్తారు కదమ్మా, దానికి మూడొందల పేజీలా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ ఇల్లు చేరేదాకా ఆ మాట వదల్లేదు.

ముందు నా నాలుగు పుస్తకాల సంగతి చెప్తాను. ఎమిలీ హెన్రీ ‘బీచ్ రీడ్’ (2020) నాకు బాగా నచ్చింది. జాన్యువరీ ప్రేమ నవలలు రాసే మనిషి. తండ్రి పోయాక ఆయనకు ఇంకో ఆవిడ ఉండేదని తెలిసింది, దాంతో సుఖాంతాల మీద నమ్మకం పోయింది. ఆ తండ్రి వదిలిపోయిన ఇల్లు అమ్మకానికి సర్దుదామని వస్తే, పక్కింట్లో గస్. వాడు రాసేవన్నీ విషాదాలే. ఇద్దరూ పందెం వేసుకుంటారు: ఈమె వాడి తరహాలో రాయాలి, వాడు సుఖాంతం రాయాలి. ఇద్దరూ కలుస్తారని చంద్రగిరి దాటకముందే తెలిసిపోయింది. కానీ నన్ను పట్టుకున్నది ఆ ఇల్లు సర్దడం. పోయిన మనిషి మీద కోపం ఎవరి మీద తీర్చుకోవాలి?

శాలీ రూనీ ‘నార్మల్ పీపుల్’ (2018) చదువుతూ ఆ కుర్రాణ్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. కానెల్ తల్లి మరియాన్ వాళ్లింట్లో పనిచేస్తుంది. తర్వాత డబ్లిన్‌లో చదువుకునేటప్పుడు వాడికి పని దొరక్క, అద్దె కట్టలేక, "వేసవికి నీ దగ్గర ఉండొచ్చా" అని అడగడానికి నోరు రాదు. ఆ పిల్లేమో వదిలేసి పోతున్నాడనుకుంటుంది. ఒక్క మాట! అప్పుడే పూతలపట్టు వచ్చింది, పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. డబ్బు లేదని చెప్పుకోలేక దూరమైనవాళ్లు మన చుట్టాల్లో ఎంతమంది లేరు?

కాలీన్ హూవర్ ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ (2016) విషయంలో ఇంకా తేల్చుకోలేదు. నాలుగోది యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, అమ్మ బీరువాలోది, రెండోసారి.

ఇంతకీ అడగాలనుకున్నది: కలుస్తారని ముందే తెలియడం ప్రేమ నవలకు లోటా?

కొర్లగుంట కుర్రాడు:
లోటే అక్కా. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం నిర్వచనంలోనే రాసిపెట్టింది: ప్రేమకథ నడిమధ్యలో ఉండాలి, ముగింపు తృప్తిగా, ఆశగా ఉండాలి. రిజల్టు ఇచ్చేసి తర్వాత పరీక్ష పెట్టినట్టు లేదూ? టెన్షన్ ఎక్కడ్నుంచి వస్తుంది? మీ నాలుగింట్లో నిజాయితీగా ఉన్నది ‘నార్మల్ పీపుల్’ ఒక్కటే. చివర్లో కానెల్‌కు న్యూయార్క్‌లో సీటొస్తే మరియాన్ పొమ్మంటుంది. అంతే. తర్వాత ఏమైందో మనకు తెలీదు. జీవితం అట్లానే ఉంటుంది.

పుత్తూరు పెద్దమ్మ:
ముగింపు తెలిస్తే మజా పోతుందంటూనే ముగింపు చెప్పేశావు కదా నాయనా. నేను సగంలో ఉన్నాను.

కొర్లగుంట కుర్రాడు:
అయ్యో, సారీ పెద్దమ్మా.

పుత్తూరు పెద్దమ్మ:
పోనీలే. నేను చెప్పాల్సింది వేరే ఉంది. మా కాలంలో పుత్తూరులో మా వీధి మొత్తానికి ఒకటే మాసపత్రిక. ఎవరింట్లో వంట ముందు అయితే వాళ్లు ముందు చదవాలి. సీరియల్ కాగితాలు చించి, వరసగా పేర్చి, దారంతో కుట్టి అట్ట వేసుకునేవాళ్లం. ఒక నెల కాగితం మీద సాంబారు మరక, ఇంకో నెల కాగితం అసలు ఉండదు. ‘సెక్రటరీ’లో రాజశేఖరం, జయంతి కలుస్తారా లేదా అని మేము ఎప్పుడూ అనుకోలేదు. కలుస్తారు. అనుమానమేముంది? మాకు కావలసింది మధ్యలోది. ఒక ఆడపిల్ల ఆఫీసుకు పోయి ఉద్యోగం చేసి, యజమాని ముందు తల ఎత్తి మాట్లాడ్డం. మా ఇంట్లో నాన్న ఎదురుగా మా అమ్మ కుర్చీలో కూర్చునేది కాదు.

ఇంకోటి చెప్తాను. చివర్లో పెళ్లవుతుంది అనే మాటుంది కాబట్టే మా నాన్న ఆ పత్రికను గడప దాటనిచ్చాడు. జయంతి ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా ఉండిపోయింది అని ముగిసుంటే మరుసటి నెల నుంచి పత్రిక బంద్. సుఖాంతం మాకు గేటు పాసు. లోపల ఏం చూశామో నాన్నకు తెలీదు.

చిత్తూరు మాస్టారు (రిటైర్డ్):
అమ్మ బాగా చెప్పారు. చిన్న చేర్పు. సంస్కృత నాటకానికి మంగళాంతం ఆనవాయితీ. శాకుంతలం చూడ్డానికి వచ్చినవాడికి కథ ముందే తెలుసు, భారతంలో ఉన్నదే కదా. అయినా రాజు "నువ్వెవరో నాకు తెలీదు" అన్నప్పుడు గుండె ఆగుతుంది. ఉంగరం చేప కడుపులో దొరుకుతుందని ఇప్పుడు మనకు తెలిసినా ఆగుతుంది. భాసుడి ‘ఊరుభంగం’ లాంటి విషాదాంతాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి. కాబట్టి కుర్రాడు ఎగతాళి చేసే ముందు

కొర్లగుంట కుర్రాడు:
సార్, బస్సులో చదివే నవలకి కాళిదాసును అడ్డం పెడితే ఎట్లా?

చిత్తూరు మాస్టారు (రిటైర్డ్):
అడ్డం పెట్టలేదు నాయనా. తోడు తెచ్చాను. (పై వాక్యం పూర్తి కాకుండా వేలు తగిలి పోయింది. ఏమి రాయబోయానో ఇప్పుడు గుర్తు లేదు.)

కొర్లగుంట కుర్రాడు:
సరే, కాళిదాసు వద్దు, యండమూరికి వద్దాం. ‘వెన్నెల్లో ఆడపిల్ల’. చెస్ ఆటగాడు రేవంత్‌కి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది, నన్ను కనుక్కో చూద్దాం అంటుంది. చివరికి ఆ అమ్మాయి చనిపోతుంది. మా నాన్నకి ఇప్పటికీ కథంతా నోటికి వచ్చు. ఇద్దరికీ పెళ్లయి, అద్దె ఇంట్లో గ్యాస్ బుక్ చేసుకుంటూ ముగిసుంటే గుర్తుండేదా?

పుత్తూరు పెద్దమ్మ:
అమ్మాయిని చంపడం కూడా ఫార్ములానే కదరా! సినిమాల్లో అందమైన పిల్లకు జబ్బు, నవ్వుతూ దాచడం, చివరికి ఉత్తరం. నాకైతే గ్యాస్ బుక్ చేసుకునే జంట మీదే నవల చదవాలని ఉంది. రాసేవాళ్లు లేరు.

చిత్తూరు లాయరమ్మ:
వాదన సుఖాంతం చుట్టూనే తిరుగుతోంది. పాఠకురాలు తేల్చుకోలేదన్న పుస్తకం గురించి నాకు చెప్పాలని ఉంది. నేను కుటుంబ కేసులు చూస్తాను. మా జూనియర్ అమ్మాయి ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ ఇచ్చి, "లవ్ స్టోరీ మేడం, చదవండి" అంది.

ఇందులో లిలీకి పూల కొట్టు, రైల్ మెదడు డాక్టరు. తెలివి, అందం, డబ్బు అన్నీ ఉన్నవాడు. ఒకరోజు ఓవెన్‌లోంచి వేడి గిన్నె తీస్తూ చెయ్యి కాల్చుకుంటాడు. ఈమెకు నవ్వొస్తుంది. వాడు కొడతాడు. చదువుతూ నేనేం చేశానో తెలుసా? చెయ్యి కాలింది కదా పాపం అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఈ కేసులు వాదిస్తున్న నేను! ఎందుకు అనుకున్నాను? నా చేతిలో ఉన్నది ప్రేమ నవల, వీడు హీరో, చివర్లో మారతాడు అని ముందే ఒప్పేసుకుని కూర్చున్నా కాబట్టి. రెండోసారి కొట్టినప్పుడూ కారణం వెతికాను. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు "మిగతా రోజుల్లో మంచోడే మేడం" అన్నప్పుడు లోలోపల విసుక్కునేదాన్ని. ఆ మాట ఎక్కడ పుడుతుందో నాకు ఈ పుస్తకంతో అర్థమైంది.

చివరికి లిలీ బిడ్డను ఎత్తుకుని వాణ్ని వద్దంటుంది. రచయిత్రి తన తల్లి జీవితం నుంచే ఈ కథ తీసుకున్నానని వెనక మాటలో రాసుకుంది. కాబట్టి తమ్ముడూ, కలుస్తారని ముందే అనుకోవడం ప్రతిసారీ లోటే అనలేం. ఇక్కడ అదే ఉచ్చు. రచయిత్రి మనల్నే అందులోకి దించింది. నాకున్న అభ్యంతరమల్లా దీన్ని తియ్యటి ప్రేమకథలా అమ్మడం మీద. మన దేశంలో గృహహింస చట్టం 2005లో వచ్చింది. కోర్టుకు వచ్చాక ఇప్పటికీ మొదట వినపడేది "సర్దుకుపోమ్మా" అన్న పెద్దల మాటే. అది కూడా ఒక రకం సుఖాంతం పిచ్చే.

పుత్తూరు పెద్దమ్మ:
లాయరమ్మా, మీ మాటతో నాకూ ఒకటి గుర్తొచ్చింది. మేము కుట్టుకున్న సీరియళ్లలో కొన్నింట్లో హీరో చెంప పగలగొడతాడు, ఆ తర్వాతే ఆ పిల్లకి ప్రేమ పుడుతుంది. మేము ఆ కాగితాలు కూడా భద్రంగా కుట్టుకున్నాం. పౌరుషం అనుకున్నాం. మాకు తప్పు అనిపించలేదమ్మా, నిజంగా అనిపించలేదు.

నారాయణవనం నివాసి:
మా ఊరి కథ ఒకటి ఉండగా మీరంతా అమెరికా, ఐర్లండ్ పోయారే! ఆకాశరాజు కూతురు పద్మావతి, వేటకొచ్చిన శ్రీనివాసుడు. ఉద్యానవనంలో చెలికత్తెలు రాళ్లేసి తరుముతారు, గుర్రం చచ్చిపోతుంది. ఆయన కొండకు పోయి పడకేస్తాడు. ఆయన పెంపుడు తల్లి వకుళమ్మ సంబంధం అడగడానికి బయల్దేరుతుంది. ఆలోగా ఆయనే ఎరుకలసాని వేషం కట్టి పద్మావతి తల్లి ధరణీదేవికి సోది చెప్పి తన పెళ్లి తనే కుదుర్చుకుంటాడు. ఈ కథ ముగింపు తెలియనివాడు మన జిల్లాలో ఉన్నాడా? అయినా కొండ మీద కల్యాణోత్సవం దాదాపు రోజూ చేస్తారు, ప్రతిసారీ జనం కూర్చుంటారు. మన తరిగొండ వెంగమాంబ ఈ వేంకటాచల మాహాత్మ్యాన్ని పద్యాల్లో రాసింది. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి ఆమె. కూర్చుని ఈ పెళ్లి కథ రాయాలని ఎందుకనిపించిందో ఆలోచించండి.

పెళ్లి తర్వాత ఏమైంది? కుబేరుడి అప్పు. ఇప్పటికీ వడ్డీ తీరుతూనే ఉందంటాం. ఆయన కొండ మీద, అమ్మవారు తిరుచానూరులో. కార్తీకంలో పంచమి తీర్థానికి పైనుంచి పసుపు కుంకుమ, సారె వస్తాయి. మా అమ్మమ్మ ఆ సారె వచ్చేటప్పుడు ప్రతి ఏడూ ఒకే మాట అనేది: "ఇప్పుడు గుర్తొచ్చిందా సామీ!"

కొర్లగుంట కుర్రాడు:
దేవుణ్ని దించాక నేనేం మాట్లాడేదన్నా! సరే, ఒక మెట్టు దిగుతాను. కలుస్తారని తెలియడం తప్పు కాదు. కానీ కలవడానికి ఒక్క చీటీ, ఒక్క ఫోన్, ఎయిర్‌పోర్టుకు ఒక పరుగుతో సరిపెట్టేసే నవలలు వందల్లో ఉన్నాయి. వాటిని కూడా సమర్థిస్తారా?

బస్సు పాఠకురాలు (తిరుపతి):
లేదు తమ్ముడూ, వాటిని నేనూ పాకాల వచ్చేలోపే మూసేస్తాను. ‘బీచ్ రీడ్’లోనూ చివరి భాగం కొంచెం గబగబా అయిపోయింది, ఒప్పుకుంటాను. లాయరమ్మగారూ, మీరు చెప్పాక ఆ వేడి గిన్నె పేజీ మళ్లీ తీసి చూశాను. నేను ఆ పక్కన పెన్సిల్‌తో "పాపం" అని రాసుకున్నాను. ఎవరిని అనుకుని రాశానో నాకే తెలీదు. ఇప్పుడు చెరిపేద్దామనుకుని మళ్లీ వదిలేశాను.

పక్క సీటు సార్‌కి ఏం జవాబు చెప్పాలో ఇంకా తోచలేదు. ఆయన రోజూ మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తీస్తారు. అందులో రోజూ పెరుగన్నమే. మూత తీసేముందు ఒకసారి ఆగి చూస్తారు. రేపు దాని గురించి అడుగుతాను.

కొర్లగుంట కుర్రాడు:
అడిగి ఇక్కడ రాయండి. అక్కా, ఇంతకీ ఆ పందెంలో గస్ రాసిన నవల సుఖాంతమేనా?

బస్సు పాఠకురాలు (తిరుపతి):
చెప్పను. సోమవారం సాయంత్రం ఏడింటికి చిత్తూరు నుంచి వచ్చి తిరుపతిలో బస్సు దిగుతాను. బస్టాండ్‌కి వస్తే పుస్తకం ఇస్తాను. మరక పడకుండా తిరిగివ్వాలి.

పుత్తూరు పెద్దమ్మ:
వాడి తర్వాత వంతు నాది.