సిబిల్ మైనస్ వన్ అన్నారు, షాపుకి లోన్ రాదా?

పిండివంటల షాపు, కరీంనగర్:
అందరికీ నమస్తే. షాపు పెట్టి పద్నాలుగు నెలలైంది. సకినాలు, మురుకులు, గరిజెలు, అరిసెలు చేస్తాం. పెళ్లి ఆర్డర్లు బాగానే వస్తున్నాయి, చేతులే సరిపోవడం లేదు. పిండి కలిపే మిషన్, ప్యాకింగ్ మిషన్ కలిపి 3 లక్షల 40 వేలకు కొటేషన్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని బ్యాంకుకు పోతే మేనేజర్ కంప్యూటర్‌లో నా సిబిల్, అదే అప్పులు తిరిగి కట్టే తీరుకు ఇచ్చే స్కోరు, చూసి "మీ సిబిల్ మైనస్ వన్, లోన్ కష్టం" అన్నారు. నేను ఇంతవరకు ఎవరికీ బాకీ పడలేదు. నాలుగేళ్లు చిట్టీ కట్టాను, ఒక్క నెల తప్పలేదు, ఇప్పుడు రెండోది నడుస్తోంది. నూనె, బియ్యం ఇచ్చే హోల్‌సేల్ ఆయన పదిహేను రోజుల ఉద్దెర ఇస్తే పద్నాలుగో రోజే కట్టేస్తా. మరి మైనస్ ఎక్కడిది? అప్పు చేయకపోవడమే తప్పా?

టైర్ల షాపు, నిజామాబాద్:
అక్కా, అది చెడ్డ స్కోరు కాదు, టెన్షన్ పడకండి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. మైనస్ వన్ అంటే మీ గురించి వాళ్ల దగ్గర ఏమీ రాసి లేదని, అంతే. నాకూ ఇదే చెప్పారు. నేను 30 వేలు ఎఫ్‌డీ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నా. షాపు కరెంటు బిల్లు, బండి డీజిల్ తప్ప ఇంకేమీ దాంతో కట్టలేదు, లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వలేదు, బిల్లు మొత్తం ఆటో డెబిట్ పెట్టేశా. ఏడో నెలకు స్కోరు కనిపించింది, 740. మధ్యలో ఒక్కసారి "మినిమమ్ డ్యూ", అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన ముక్క మాత్రం కట్టి ఊరుకున్నా. నూటికి నెలకు మూడు రూపాయల పైన వడ్డీ పడింది, మా ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా అంత తీసుకోడు!

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వరంగల్:
అమ్మా, మేనేజర్ చెప్పింది సగమే నిజం. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో వెనక్కి పంపొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది, 2025 వానాకాల సమావేశాల్లో ఆర్థిక శాఖ సహాయ మంత్రి లోక్‌సభలో కూడా ఇదే చెప్పారు. అట్లాగని ఈ మాట పట్టుకుని కౌంటర్ దగ్గర కొట్లాడితే లోన్ రాదు. నేను ముప్పై ఏళ్లు ఆ కుర్చీ అవతల కూర్చున్నవాణ్ని, స్కోరు లేనప్పుడు మేనేజర్ వెతికేది రేపు ఆడిట్‌లో తనను కాపాడే కాగితం కోసం. అది మీరు ఇవ్వాలి.

మీది సొంత షాపు, అంటే ప్రొప్రైటర్‌షిప్, కాబట్టి షాపుకు వేరే పాన్ ఉండదు, మీ పానే దాని పాన్. షాపు పరపతి అంటే మీ పరపతే. చిట్టీ, ఉద్దెర సిబిల్‌కి తెలియవు, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే లెక్కలే అక్కడికి చేరతాయి. అయినా మీ హోల్‌సేల్ ఆయన మంచితనం వృథా కానివ్వకండి. ఇకపై బిల్లు అడిగి తీసుకోండి, డబ్బు చేతికి ఇవ్వకుండా ఖాతా నుంచి పంపండి. ఏడాది స్టేట్‌మెంట్‌లో ప్రతి పదిహేను రోజులకూ ఒకే పేరు కనిపిస్తే దాన్ని చూడని మేనేజర్ ఉండడు.

చిన్న వ్యాపారాలకు సర్కారు పెట్టిన ముద్ర లోన్లలో 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. మీ మిషన్లు కిశోర్ కిందికి వస్తాయి. తాకట్టు అడగకూడదు, ఇంటి కాగితాలు తెమ్మంటే ఇవ్వకండి. సరే, ఒక ప్రశ్న. షాపులో క్యూఆర్ ఎవరి పేరు మీద ఉంది?

పిండివంటల షాపు, కరీంనగర్:
మా ఆయన పేరు మీద సార్. డబ్బులన్నీ ఆయన సేవింగ్స్ ఖాతాలో పడతాయి. ఇంట్లోకే కదా అని పట్టించుకోలేదు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వరంగల్:
అనుకున్నా. నెలకు లక్షన్నర అమ్మినా బ్యాంకు కంటికి మీ షాపు మూసి ఉన్నట్టే. ముందు షాపు పేరుతో కరెంట్ ఖాతా తెరవండి, క్యూఆర్ దానికి మార్చండి. ఆరు నెలలు షాపు ప్రతి రూపాయీ అందులోకే రావాలి, అందులోంచే పోవాలి. ఇంట్లో కూరగాయలకు కూడా అందులోంచే తీసి వాడితే మళ్లీ మొదటికొస్తుంది.

ట్యాక్స్ లెక్కలు రాసేవాణ్ని, ఖమ్మం:
ఖాతాకు షాపు పేరు మీద రెండు ఆధారాలు అడుగుతారు. ఒకటి ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల సర్కారు నమోదు), రెండోది లేబర్ లైసెన్సో, ఫుడ్ లైసెన్సో సరిపోతుంది. ఉద్యమ్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే మీ ఫోన్‌లోనే అయిపోతుంది. సర్కారు సైటులాగే కనిపించే సైట్లు రెండు వేలు, మూడు వేలు గుంజుతున్నాయి, మొన్ననే ఒకామె రసీదు తెచ్చి ఏడ్చినంత పని చేసింది. జీఎస్టీ తెలంగాణలో అమ్మకాలు ఏడాదికి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి, ఆంధ్రలో సరుకులకైతే 40 లక్షలు. దాటకపోయినా ఆదాయపు పన్ను రిటర్న్ మాత్రం వేయండి, పన్ను సున్నా వచ్చినా సరే. రెండేళ్ల రిటర్న్‌లు లేకుండా ఏ ఫైలూ కదలదు అని నా అనుభవం.

టిఫిన్ బండి, విజయవాడ:
అక్కా, నాది బండి కాబట్టి వీధి వ్యాపారులకు సర్కారు ఇచ్చే స్వనిధి లోన్ కింద 10 వేలతో మొదలై, కట్టేకొద్దీ 20, 50 ఇచ్చారు, నా స్కోరు అక్కడ పుట్టిందే. మీకు ఒకటే చెప్తా, తొందరపడి యాప్‌లలో లోన్ కోసం నొక్కకండి. నేను ఒకే వారంలో ఐదు చోట్ల నొక్కా, ప్రతివాడూ నా రిపోర్ట్ తీసి చూశాడు, ఆ ఎంక్వయిరీలన్నీ అందులో పడ్డాయి. వీడికి ఎక్కడా పుట్టట్లేదు అనుకుంటారు కదా.

పిండివంటల షాపు, కరీంనగర్:
అప్‌డేట్. లోన్‌లో మా ఆయన్ని కూడా కలపమన్నారని ఆయన రిపోర్ట్ తీశాం, ఏడాదికోసారి ఉచితమేనట. చూస్తే ఒక కార్డు మీద 6,200 బాకీ! ఎప్పుడో మాల్‌లో ఫ్రీ అని అంటగట్టిన కార్డు, ఒక్కసారీ గీకలేదు. ఫీజు మీద వడ్డీ, వడ్డీ మీద ఫీజు. ఫోన్ చేస్తే 2 వేలు కట్టి సెటిల్ చేసుకోమన్నారు, చేద్దామా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వరంగల్:
వద్దు! "సెటిల్డ్" అని రిపోర్ట్‌లో పడితే పూర్తిగా కట్టలేదని అర్థం, ఏళ్ల తరబడి అడుగుతారు. ముందు ఆ కార్డు ఫీజు తప్పని కంపెనీకి రాసిపెట్టి ఫిర్యాదు చేయండి, సిబిల్ సైటులో కూడా వివాదం పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు ఇవ్వాలి, రిజర్వు బ్యాంకు నిబంధన. ఫీజు న్యాయమే అని తేలితే మాత్రం మొత్తం కట్టి "క్లోజ్డ్" అని రాయించుకుని, నో డ్యూ లెటర్ దాచుకోండి.

పిండివంటల షాపు, కరీంనగర్:
సరే సార్. ఉద్యమ్ నిన్న రాత్రి మా అమ్మాయి ఫోన్‌లో చేసింది, ఖాతా సోమవారం తెరుస్తారట. ఒక్క సందేహం, మార్జిన్‌కు నా చేతి డబ్బు 70 వేలు కావాలన్నారు. వచ్చే నెల చిట్టీ పాడుకోనా?

టైర్ల షాపు, నిజామాబాద్:
ఇప్పుడే పాడితే ఎంత తగ్గించుకోవాలో తెలుసు కదక్కా. లోన్ మంజూరైన కాగితం చేతికి వచ్చిన నెల పాడండి.