తోలుకు నూనె రాయడమా, పట్టించడమా, దట్టించడమా?

జడ్చర్ల సభ్యురాలు:
తోలు పని నేర్చుకునేవాళ్ల కోసం ఒక పాఠాన్ని తెలుగులో పెడుతున్నాం. 'ఫ్యాట్‌లిక్కరింగ్' (ఊరబెట్టిన తోలులోకి నూనె ఎక్కించే పని) అన్నచోట పాత అనువాదంలో 'కొవ్వు ద్రవీకరణ' అని ఉంది. అది చదివినవాళ్లు కొవ్వును కరగబెట్టమన్నారనుకుంటారు. 'నూనె పూత' అని ఇంకో సూచన వచ్చింది. అదీ నాకు నచ్చలేదు. నల్లగొండ, పాలమూరు వైపు నోట్లో ఉన్న మాటల్లో దీనికి సరిపోయే క్రియ ఏదో చెప్పండి. పని ఎట్లా జరుగుతుందో కూడా చెబితే మాట ఎంచుకోవడం తేలికవుతుంది.

దేవరకొండ మాస్టారు:
పూత వద్దమ్మా. పూత పైనే ఉంటది. సున్నం పూత, బంగారు పూత, మందు పూత, అన్నీ అంతే. నూనెకు మనకు క్రియల కరువు లేదు. తలకు పెడతం, ఒంటికి రాస్తం, పసిపిల్లకు పట్టిస్తం, దీపంల పోస్తం. వీటిల 'పట్టించు' వేరే తీరు. రాసుడు రాసేటోని చేతిల ఉంటది, చెయ్యి తీస్తే పని అయిపోయినట్టే. పట్టుడు మాత్రం అవతలి వస్తువు ఒప్పుకుంటేనే అయితది. 'తోలుకు నూనె రాసిన గని పట్టలేదు' అనొచ్చు. 'పట్టించిన గని పట్టలేదు' అంటే అతకదు. నా ఓటు పట్టించుటకే.

కల్వకుర్తి సభ్యుడు:
'కందెన' ఎందుకు మరిచిపోతున్నరు? బండి ఇరుసుకు ఆముదంల గడ్డి మసి కలిపి పెట్టేది. తోలుల నూనె చేసేది కూడా రాపిడి తగ్గించే పనే కదా.

తోలు రసాయనం తెలిసిన సభ్యుడు:
పని విషయంలో కల్వకుర్తి అన్న చెప్పింది సరిగ్గా అదే. తోలు అంటే సన్నటి పోగుల అల్లిక. తడిగా ఉన్నంతసేపు పోగుకూ పోగుకూ నడుమ నీళ్లుంటాయి, వంచితే ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆరితే నీళ్లు పోయి పోగులు అతుక్కుంటాయి, తోలు రేకులాగా బిరుసెక్కి వంచినచోట పగులుతుంది. నీళ్లు పోయే లోపల ప్రతి పోగుకూ పలుచటి నూనె పొర తొడగాలి, మొత్తం కథ అదే. అయినా కందెన అంటే చిక్కటి ముద్ద గుర్తొస్తుంది, పైగా అది ఇరుసు పైన ఉండేది. 'పోగులకు కందెన' అని వివరణలో వాడుకోండి, శీర్షికకు మాత్రం వద్దు.

ఇక ఒక్క మాటతో సరిపెట్టకండి. తోలులోకి నూనె ఎక్కించే పద్ధతులు మూడున్నాయి, మూడింటికీ వేరు క్రియలు కావాలి.

ఒకటి, చేత్తో నూనె పెట్టడం. తంగేడు చెక్కతో (బెరడుతో), కరక్కాయతో ఊరిన తోలుకు ఇది చేస్తారు. (బతుకమ్మలో పేర్చేది ఆ చెట్టు పువ్వునే, లందలో, అంటే తోలు ఊరబెట్టే తొట్టిలో, వేసేది దాని చెక్కను.) లందలోంచి తీసి కడిగి, నీళ్లు పిండి, సగం ఆరిన తోలు మీద కానుగ నూనో, నువ్వుల నూనో, ఆముదమో రాసి నీడలో మెల్లగా ఆరబెడతారు. తడి ఎంత ఉండాలంటే, మడిచి గట్టిగా నొక్కినా మడతలోంచి నీళ్లు కారకూడదు, చేతికి మాత్రం చల్లగా తగలాలి. పూర్తిగా ఎండిన తోలు మీద రాస్తే పడినచోటే పీల్చుకుని మచ్చలు కడుతుంది. నీళ్లు కారే తోలు మీద రాస్తే జారిపోతుంది. సరైన తడి ఉన్నప్పుడు నీరు ఆవిరై ఖాళీ అయిన చోటుకి నూనె చేరుతుంది. ఇంకో లాభం ఉంది. తోలు ఆరేటప్పుడు లోపల అతకని చెక్క రసం నీళ్లతోపాటు పై పొరకు వస్తుంది. అక్కడ గాలి తగిలి నల్లబడుతుంది, పై పొర పెళుసవుతుంది. ముందుగా నూనె పెడితే అది అంతగా జరగదు.

రెండోది పశువుల కొవ్వు, చేప నూనె దాదాపు సగం సగం కరిగించి కలిపి, ఆ ముద్దను తడి తోలు మాంసం వైపున మందంగా పరిచి, వెచ్చటి గదిలో వేలాడదీయడం. నూనె భాగం లోపలికి పోతుంది, గట్టి కొవ్వు కొంత పైన మిగులుతుంది, దాన్ని గీకేస్తారు. పట్టీలు, జీను, బరువైన బూట్ల తోలుకు ఇది. పీపాలో వేడిగా తిప్పి కూడా చేస్తారు. చెక్కతో ఊరిన తడి తోలు 70 డిగ్రీలు దాటితే ముడుచుకోవడం మొదలవుతుంది, ఒకసారి ముడుచుకున్నది మళ్లీ సాగదు. అందుకే దాన్ని 45 డిగ్రీలకు మించిన నీళ్లలో తిప్పకపోవడం మంచిది.

మూడోది మీరు అడిగిన ఫ్యాట్‌లిక్కరింగ్. ఇందులో నూనెను నూనెగా వాడరు. నీళ్లలో పాలలాగా కలిసేటట్టు చేసిన నూనెను, క్రోమ్‌తో (క్రోమియం ఉప్పుతో) ఊరిన తోలును కలిపి పీపాలో తిప్పుతారు. చెక్కి మందం సరిచేసిన తోలు 100 కిలోలుంటే 100 నుంచి 150 లీటర్ల నీళ్లు, 50 నుంచి 60 డిగ్రీల వేడి. చెప్పుల పైతోలుకు నూనె 5 నుంచి 8 కిలోలు, జాకెట్ల మెత్తటి తోలుకు 12 కిలోల దాకా. నూనెను నేరుగా పీపాలో పోయరు. నాలుగైదింతల వేడి నీళ్లలో, 60 డిగ్రీల దగ్గర, కలుపుతూ పాలు చేసి, అప్పుడు పోస్తారు. ముప్పావు గంట, గంట తిప్పాక ఒకటి నుంచి రెండు కిలోల ఫార్మిక్ ఆమ్లాన్ని పదింతల నీళ్లలో పలుచన చేసి, మూడు దఫాలుగా, పది నిమిషాలకొకసారి పోసి ఇంకో అరగంట తిప్పాలి. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 3.6 దగ్గరికి దిగి, పీపాలో నీళ్లు తేరుకుంటే నూనె తోలుకు చేరినట్టు. ఇంకా తెల్లగా ఉంటే చేరలేదు. ఆ రాత్రి చెక్క గుర్రం (తోళ్లు వేసి ఉంచే కొయ్య స్టాండు) మీద మడత పడకుండా దొంతర పేర్చి, పొద్దున నీళ్లు పిండి ఆరబెట్టాలి.

జడ్చర్ల సభ్యురాలు:
పాలు అన్నారు కాబట్టి అడుగుతున్నా, 'ఎమల్షన్ బ్రేక్ కావడం', అంటే ఆ పాలలోని నూనె, నీళ్లు విడిపోవడం, అన్నదాన్ని 'విరగడం' అనవచ్చా?

తోలు రసాయనం తెలిసిన సభ్యుడు:
అంతకంటే మంచి మాట దొరకదు. పాలు విరిగినట్టే విరుగుతాయి, కారణం కూడా దగ్గరిదే, పులుపు. క్రోమ్ తోలు లోపల ఆమ్లం ఉంటుంది, దాని మీది విద్యుదావేశం ధనం, నూనె పాలది రుణం. ఆమ్లం తగ్గించకుండా పోస్తే పాలు తోలు పై పొర తాకీ తాకగానే విరిగి, నూనె అక్కడే కూర్చుంటుంది. పైన జిడ్డు, లోపల బిరుసు. పాలు విరగాల్సింది నూనె లోపలికి పోయాక, చివర పోసే ఫార్మిక్ ఆమ్లంతో. అందుకే ముందు సోడియం ఫార్మేటు, వంటసోడాలతో పీహెచ్ 5 దగ్గరికి తేవాలి. పరీక్షకు తోలు మెడ దగ్గర మందమైన చోట చిన్న ముక్క కోసి, కోసిన అంచు మీద బ్రోమోక్రెసాల్ గ్రీన్ (పులుపును బట్టి రంగు మారే ద్రవం) చుక్క వేస్తారు. పసుపైతే ఇంకా పులుపుంది. అంచు పొడవునా పచ్చగానో నీలిపచ్చగానో ఒకే రంగు ఉండాలి. రెండంచులు నీలంగా ఉండి నడుమ పసుపు చార కనబడితే నూనె ఆ చార దగ్గరే ఆగిపోతుంది. అట్లాగని సోడా ఎక్కువ పోసినా ముప్పే, పై పొర వదులై ముడతలు పడుతుంది.

దేవరకొండ మాస్టారు:
అట్లయితే 'జిడ్డు' మాటను మంచి నూనెకు వాడొద్దు. పని తప్పినంక పైన మిగిలేదే జిడ్డు. రెండో పద్ధతికి 'దట్టించు' పెట్టున్రి. తుపాకిల మందు దట్టించినట్టు, పట్టేకాడికి ఎక్కించుడు.

గద్వాల సభ్యుడు:
ఇంత చర్చ ఎందుకు, 'పదును పెట్టడం' అంటే సరిపోదా? తోలును కత్తితో చెక్కి పలుచన చేస్తారు కాబట్టే కదా ఆ పేరు.

నారాయణపేట సభ్యుడు:
కత్తికీ దానికీ సంబంధం లేదండీ. మా వైపు రెండు భాషలూ వినబడతాయి కాబట్టి చెబుతున్నా. తోలు ఊరబెట్టడాన్ని కన్నడంలో 'హద' చేయడమంటారు. తమిళంలో 'తోల్ పదనిడుదల్'. తెలుగు మాట మొదట్లో ఉన్న ప కన్నడంలో హ అవుతుంది, పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు. పదును, హద, పదన్ ఒక్క కుదురు మాటలు. అసలు అర్థం 'తగిన స్థితి'. కత్తికి తగిన స్థితి వాడి, చెలకకు తగిన స్థితి దున్నడానికి సరిపడే తడి, పచ్చి తోలుకు తగిన స్థితి కుళ్లకుండా, బిరుసెక్కకుండా ఉండటం. వానపడ్డ మర్నాడు 'పదునున్నది, అరక కట్టు' అంటే ఎవరూ కత్తి వెతుక్కోరు కదా.

కల్వకుర్తి సభ్యుడు:
గిదైతే అసలు సంగతి. మడిచి నొక్కితే నీళ్లు కారొద్దు, చేతికి చల్లగ తగలాలె అని పైన రాసిన్రు. చెలకల మన్ను పిడికిట పట్టి చూసేది కూడ గట్లనే. ముద్ద కావాలె, నీళ్లు రావొద్దు.

తోలు రసాయనం తెలిసిన సభ్యుడు:
అవును. నూనె పెట్టే ముందు తోలు ఉండాల్సిన తడికి నేను పైన మాట దొరక్క ఒక వాక్యమంతా రాశాను. 'పదును మీద నూనె రాయాలి' అంటే రైతు ఇంటి పిల్లలకు మరో వివరణ అక్కర్లేదు. కాకపోతే పాఠంలో చిక్కు రాకుండా, మొత్తం ఊరబెట్టే పనిని 'తోలు పదును చేయడం', నూనె ముందటి తడిని 'పదును మీద ఉండటం' అని వేరు చేయండి. ఫ్యాట్‌లిక్కరింగ్‌ను పదును పెట్టడం అనడం మాత్రం తప్పు. అప్పటికే పదునైన తోలుకు చేసే పని అది.

జడ్చర్ల సభ్యురాలు:
చేత్తో అయితే 'రాయడం', ముద్ద కొవ్వయితే 'దట్టించడం', పీపాలో 'నూనెపాలు పట్టించడం' అని పెడుతున్నా. నూనెపాలు చేసే నూనె ఏదో కూడా ఒక వాక్యం కావాలి.

తోలు రసాయనం తెలిసిన సభ్యుడు:
మన చెలకల్లో పండే ఆముదాలతోనే మొదలుపెట్టండి. పచ్చి ఆముదం చలికి గడ్డకట్టదు, అది మంచి గుణం. చిక్కదనం వల్ల లోపలికి పోవడానికి బద్ధకిస్తుంది, ఎక్కువైతే అంటుకుంటుంది. దానికి గాఢ గంధకామ్లాన్ని సన్న ధారగా, వేడెక్కకుండా చల్లబరుస్తూ కలిపి, ఉప్పునీళ్లతో కడిగి, క్షారంతో ఆమ్లం పోగొడితే టర్కీ రెడ్ ఆయిల్ అవుతుంది. (టర్కీ ఎరుపు అనే బట్టల అద్దకంలో వాడటం వల్ల వచ్చిన పేరు, నూనె ఎర్రగా ఉంటుందని కాదు.) గంధకామ్లం తగిలిన కొస నీటిని ఇష్టపడుతుంది, మిగతా తోక నూనెనే ఇష్టపడుతుంది, అట్లా రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. ఈ మార్పు ఎక్కువ జరిగితే చుక్కలు సన్నబడి నూనె లోతుకు పోతుంది. తక్కువైతే పై పొరల్లోనే ఉండి చేతికి నునుపు ఇస్తుంది. అందుకే రెండు రకాలు కలిపి వాడతారు. తెల్ల తోలుకు మాత్రం చేప నూనె రకం వద్దు, గాలికీ వెలుతురుకూ పసుపెక్కుతుంది.

జడ్చర్ల సభ్యురాలు:
చివరిది. 'స్ప్యూ' అని ఉంది, ఆరిన తోలు మీద కొన్నాళ్లకు వచ్చే తెల్లటి పొడి. 'బూజు' అని రాశారు.

దేవరకొండ మాస్టారు:
బూజు వేరే. తోలు 'కొవ్వు కక్కింది' అనున్రి.

తోలు రసాయనం తెలిసిన సభ్యుడు:
కక్కడమే సరైన మాట. గట్టి కొవ్వుల్లోని స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు చలికి గడ్డకట్టి పైకి తేలతాయి. అయితే తోలు ఉప్పు కూడా కక్కుతుంది, సరిగ్గా కడగకపోతే. తేడా తెలియాలంటే ఆ చోటును కాస్త వెచ్చబెట్టండి, వేడి గిన్నె అడుగు ఆనించినా చాలు. కొవ్వయితే కరిగి మాయమై, చల్లారాక మళ్లీ వస్తుంది. ఉప్పయితే వేడికి కదలదు, తడిగుడ్డకు పోతుంది. బూజయితే వాసన వస్తుంది, గుడ్డతో తుడిచినచోట మరక మిగులుతుంది.