చర్చ: దత్తత కాగితాల్లో నా పేరు లేదు, పాప కోసం ఏమేం రాయించుకోవాలి?

బుజ్జమ్మ, హైదరాబాద్:
మేమిద్దరం ఆడవాళ్ళం. పదకొండేళ్ళుగా కలిసి ఉంటున్నాం. 2019లో తను ఒంటరి మహిళగా కారాలో (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) నమోదు చేసుకుని పాపను తెచ్చుకుంది. దత్తతకు ముందు ఇల్లు చూసి రాసే హోమ్ స్టడీ కాగితాల్లో నేను 'అదే ఇంట్లో ఉండే స్నేహితురాలు'. అప్పట్లో నవ్వుకున్నాం.

పోయిన నెల తను పుణె వెళ్ళిన రాత్రి పాపకి 103 జ్వరం. ఆసుపత్రిలో ఫారం చేతికిచ్చారు. 'రోగితో సంబంధం' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. చివరికి 'పిన్ని' అని రాశాను. "తల్లి ఎక్కడండీ?" అంది కౌంటర్లో అమ్మాయి. పాప నా భుజం మీద "బుజ్జమ్మా" అని మూలుగుతూనే ఉంది. వీడియో కాల్‌లో తను సరేనన్నాకే అడ్మిట్ చేసుకున్నారు.

జ్వరం తగ్గింది, టెన్షన్ తగ్గలేదు. తనకేమైనా అయితే పాప ఎవరి దగ్గరికి వెళ్తుంది? తన అన్నయ్య మాతో మాట్లాడి ఆరేళ్ళయింది.

గుమస్తా మామ:
అమ్మా, నేను లాయర్ని కాను, ఇరవై ఏళ్ళుగా కోర్టుల్లో ఫైళ్ళు మోస్తున్నవాణ్ణి. ముందు ఆశ పెట్టుకోకూడని సంగతి చెబుతాను. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో (స్వలింగ వివాహాల కోసం మన హైదరాబాద్ జంట వేసిందే) పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలూ అన్నారు. దత్తత దగ్గర మాత్రం 3-2గా చీలారు. పెళ్ళికాని జంటలకూ ఇవ్వాలని చంద్రచూడ్, కౌల్ రాశారు, మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ కొట్టేశారు. 2022 దత్తత నిబంధనల ప్రకారం జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ళ వైవాహిక జీవితం ఉండాలి. కాబట్టి మీ పేరు ఆ ఉత్తర్వులో ఇప్పట్లో ఎక్కదు.

మీకు మిగిలింది వీలునామా. పాపను మీరే పెంచాలన్న కోరికను ఆవిడ అందులో స్పష్టంగా రాయాలి. అది గ్యారంటీ అని చెప్పను. గార్డియన్‌ను నియమించేటప్పుడు కోర్టు చూసేది పిల్ల క్షేమం, 1956 హిందూ మైనర్ల సంరక్షణ చట్టం 13వ సెక్షన్. ఆవిడ అన్నయ్య వచ్చి నిలబడితే, మీ చేతిలో కూడా ఒక కాగితం ఉంటుంది.

వైజాగ్ నీలి:
అక్కా, మాది ఐవీఎఫ్. 2021 ఏఆర్‌టీ (కృత్రిమ గర్భధారణ) చట్టంలో ఒంటరి మహిళకీ వీలుంది, 21 దాటి 50 లోపు ఉంటే చాలు. బాబు బర్త్ సర్టిఫికెట్లో కన్న నా పేరొక్కటే. పాస్‌పోర్టుకి తండ్రి పేరు అడగలేదు, 2016 చివర్లోనే ఆ రూలు సడలించారు.

స్కూల్లో పికప్ కార్డు మీద నా పార్ట్‌నర్ ఫోటో పెట్టించాం. వైద్యానికి ఒప్పుకునే అధికారం తనకిస్తున్నానని నోటరీ చేయించి, కాపీ ఒకటి కారులో, ఒకటి ఫోన్‌లో ఉంచాం. నువ్వూ ముందు ఆ పని చెయ్యి.

మనలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఇచ్చిన వివరణ ప్రింటు బ్యాంకుకి తీసుకెళ్ళాం. మేనేజరు రెండుసార్లు చదివి, "అయితే మీరు అక్కాచెల్లెళ్ళు కాదా?" అన్నాడు. పాపం, ఖాతా మాత్రం తెరిచాడు.

ఇన్సూరెన్స్ దగ్గర జాగ్రత్త. పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టినా, ఆ డబ్బు మాదని వారసులు రావచ్చు. నామినీకే సొంతమయ్యేది తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు అయితేనే. అందుకే దాన్నీ వీలునామాలో రాశాం.

ఒక సందేహం:
కోర్టే కాదన్నాక ఎందుకండీ ఇదంతా? పిల్లకి తండ్రి ఉండాలి కదా.

అమలాపురం అత్తయ్య:
మా ఆయన పదమూడేళ్ళు దుబాయ్‌లో ఉన్నారు. పిల్లల్ని నేనూ మా ఆడపడుచూ పెంచాం. అప్పుడు మమ్మల్ని ఎవరూ ఈ మాట అడగలేదు బాబూ.

నలభై మూడు:
మా మగవాళ్ళకి ఇంకా ఇరుకు. ఒంటరి మగాడికి ఆడపిల్లను ఇవ్వరు. నలభై దాటితే రెండేళ్ళ లోపు బిడ్డనూ ఇవ్వరు. సరోగసీ (అద్దె గర్భం) ఒంటరివాళ్ళలో వితంతువులకీ, విడాకులు తీసుకున్న ఆడవాళ్ళకీ మాత్రమే, అదీ 35 నుంచి 45 లోపు. మేమిద్దరం కలిసి పదేళ్ళు ఆలోచించాం. ఆలోచిస్తుండగానే వయసు దాటిపోయింది.

డాలస్ నుంచి:
ఇక్కడ మా పెళ్ళి చెల్లుతుంది, 2015లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని. నా భార్య కన్న బాబు బర్త్ సర్టిఫికెట్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా మా లాయరు, "నువ్వు దత్తత కూడా చేసుకో, కోర్టు ఉత్తర్వు ఉంటే ఏ రాష్ట్రమైనా ఒప్పుకోవాల్సిందే" అంది. పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనే, వాణ్ణి దత్తత తీసుకోవడమేంటని కడుపు మండింది. తీసుకున్నాను. విజయవాడ వచ్చినప్పుడు మాత్రం చుట్టాల ముందు నేను వాడికి 'ఆంటీ'ని.

గుమస్తా మామ:
ఒక్క మంచి మాట కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి నిర్బంధించిన అమ్మాయిని తన పార్ట్‌నర్‌తో వెళ్ళనిచ్చింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే దారి కాదంది. ఇవి పిల్లల కేసులు కావు. అయినా లాయరుకి చూపించండి.

బుజ్జమ్మ, హైదరాబాద్:
నోటరీ పని నిన్న అయింది. గురువారం వీలునామా రిజిస్ట్రేషన్. సాక్షులుగా నేనూ, పై ఫ్లోర్ డాక్టరమ్మా సరిపోతామా?

గుమస్తా మామ:
మీరు వద్దమ్మా. వీలునామాలో ఆస్తి వచ్చేవాళ్ళే సాక్షి సంతకం పెడితే రేపు ఆ వీలునామా మీద అనుమానాలు లేస్తాయి. డాక్టరమ్మకి వయసెంత? రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది వాళ్ళే.

బుజ్జమ్మ, హైదరాబాద్:
71. అయితే వాళ్ళ కొడుకునీ కోడల్నీ అడుగుతాను.