రేపే కాంప్లెక్సు మీటింగు, సైన్ విలువలు తప్పు వస్తున్నాయి

కొబ్బరాకు, రాత్రి 9:12
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పటిదాకా లేవలేదు, అన్నం కూడా తినలేదు. రేపు మా స్కూల్ కాంప్లెక్సు సమావేశంలో లెక్కల మోడల్ పాఠం నా నెత్తిన పెట్టారు. పదో తరగతి త్రికోణమితి. చార్టులు ఎప్పుడూ ఉండేవే, ఈసారి జియోజీబ్రాలో, అదే ఆ లెక్కల బొమ్మల యాప్‌లో, చూపించండి మాస్టారూ, మేమూ నేర్చుకుంటాం అన్నారు. సరేనని కోణం మార్చడానికి స్లైడరు (జరిపితే అంకె మారే గీత) పెట్టి, దానికి సైన్ కట్టాను. కదిపితే అన్నీ తప్పుడు విలువలే. యాప్ తీసేసి మళ్ళీ వేశాను. ఫోను ఆపి ఆన్ చేశాను. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో చేసినా అదే గోల. ఇరవై మంది టీచర్ల ముందు పరువు పోయేలా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా? అర్జెంటండీ.

చదునుబల్ల, 9:15
ఫొటో పెట్టండి.

రావులపాలెం లెక్కలు, 9:18
ఆయ్, అది రౌండింగ్ అయ్యుంటదండీ. మామూలుగా రెండు దశాంశ స్థానాలే చూపిస్తుంది. 0.7071కి 0.71 వస్తే తప్పు కాదు. సెట్టింగుల్లోకి వెళ్ళి నాలుగు స్థానాలు పెట్టుకోండి.

కొబ్బరాకు, 9:21
రౌండింగ్ సంగతి నాకు తెలుసండీ, పద్దెనిమిదేళ్ళ నుంచి లెక్కలే చెబుతున్నాను. ఇది అది కాదు. మైనస్‌లు వస్తున్నాయి. సున్నా దగ్గర మాత్రం సున్నా బాగానే వస్తోంది. ఫొటో ఎక్కట్లేదు, ఇక్కడ నెట్ అంతంతమాత్రం.

గట్టుమీద, 9:24
అసలు ఈ మోడల్ పాఠాల తంతు ఎప్పుడు మారుతుందో. స్కూల్ కాంప్లెక్సులు పెట్టమన్నది 1964-66 కొఠారీ కమిషను. పక్కపక్క బళ్ళ టీచర్లు ఒకరి పాఠం ఒకరు చూసుకుని బాగుపడతారని. మనం దాన్ని ఉప్మా, టీ, సంతకం చేశాం. 2020 విద్యా విధానంలో ఏడాదికి 50 గంటల వృత్తిపర అభివృద్ధి అని రాశారు. గంటలు నిండుతున్నాయి, బుర్రలో ఏం నిండుతోంది? 2019లో నిష్ఠ అని టీచర్ల శిక్షణ కార్యక్రమం వచ్చింది, దాని కోర్సులు దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలోకి వచ్చాయి. వీడియో అలా నడుస్తుంటే ఇటు తిరిగి పప్పుకి తాలింపు పెట్టుకున్నది మనమే కదా. నేనూ పెట్టాను, దాచుకునేదేముంది. ఒక్క లెక్కల టీచరైనా "భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తాం" అని ఆ కోర్సు తర్వాత కూర్చుని మాట్లాడాడా?

చదునుబల్ల, 9:26
30 దగ్గర ఎంత వస్తోంది?

పాత నల్లబల్ల, 9:29
రిటైరై పదకొండేళ్ళయింది, అయినా ఇది చూసి ఉండబట్టలేకపోయాను. సైన్ సైన్ అంటున్నారు, ఆ మాట పుట్టింది మన దగ్గరే. ఆర్యభటుడు 499లో జ్య అన్నాడు, అంటే వింటినారి. సగం నారి అర్ధజ్య. అది అరబ్బీలోకి జీబా అయి వెళ్ళింది. అచ్చులు రాయని లిపి కాబట్టి జైబ్ అని చదివారు. జైబ్ అంటే జేబు, వంపు. లాటిన్‌వాళ్ళు దాన్ని సైనస్ అని అనువదించుకున్నారు. ఆర్యభటుడి పట్టికలో 24 విలువలు, 225 కళలకొకటి చొప్పున (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). వ్యాసార్ధం 3438. ఎనిమిదో విలువ 30 డిగ్రీలకి: 1719, సరిగ్గా సగం. కొబ్బరాకు గారూ, రేపు ముందు ఇది చెప్పండి. యాప్ తర్వాత.

రావులపాలెం లెక్కలు, 9:31
మాస్టారూ, పదో తరగతి ప్రశ్నపత్రంలో జ్య అని రాస్తే పేపరు దిద్దేవాడు సున్నా పెడతాడండి.

పాత నల్లబల్ల, 9:33
దిద్దేవాడికి తెలియకపోవడం జ్య తప్పా?

కొబ్బరాకు, 9:35
బాబ్బాబు, జ్య సంగతి రేపు సాయంత్రం మాట్లాడుకుందాం. 30 దగ్గర మైనస్ 0.99. 60 దగ్గర మైనస్ 0.3. 45 దగ్గర 0.85. 90 దగ్గర 0.89. సున్నా నుంచి 90 లోపల సైన్ మైనస్ ఎలా అవుతుందండీ, అదే నాకు పిచ్చెక్కిస్తోంది.

చదునుబల్ల, 9:36
డిగ్రీ గుర్తు.

గట్టుమీద, 9:38
చూశారా, ఇదే నేను చెప్పేది. సాధనం చేతికిస్తారు, వాడకం ఎవరూ చెప్పరు. దీన్ని శిక్షణ అంటారా?

లంక మేడం, 9:41
శిక్షణ అనడమే తప్పండీ. తెలియనివాడికి నేర్పేది శిక్షణ. టీచరు తన పని తాను తరచి చూసుకునేది వృత్తి వికాసం. రెండూ ఒకటి కాదు.

గట్టుమీద, 9:43
పేరు ఏదైతేనేం మేడం, సంతకాల రిజిస్టరు అదే.

లంక మేడం, 9:52
అది సరే, కొబ్బరాకు గారూ, పైన చదునుబల్ల గారు చెప్పిందే జవాబు, కాస్త విడమరుస్తాను. స్లైడరుకి ఎ అని పేరు పెట్టి, సైన్ బ్రాకెట్‌లో ఒట్టి ఎ రాసుంటారు. గుర్తు లేని 30 అంటే దానికి 30 రేడియన్లు. రేడియన్ అంటే కోణానికి ఇంకో కొలత, ఒకటి ఇంచుమించు 57.3 డిగ్రీలు. 30 రేడియన్లు అంటే 1719 డిగ్రీలు. అందులో నాలుగు పూర్తి చుట్లు, 1440, తీసేయండి. మిగిలింది 279. నాలుగో పాదం, అంటే చుట్టులో చివరి పావు, అక్కడ సైన్ రుణాత్మకం, అందుకే మైనస్ 0.99. 60 రేడియన్లలో తొమ్మిది చుట్లు పోతే 198 మిగులుతుంది, మూడో పాదం. 45 దగ్గరే అసలు మోసం: 0.85 చూసి 0.71కి దగ్గరగానే ఉంది కదా అనిపిస్తుంది. సున్నా మాత్రం ఎందులోనైనా సున్నాయే, అందుకే అక్కడ బాగుంది.
ఎ పక్కన డిగ్రీ గుర్తు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఆల్ట్ పట్టుకుని ఓ నొక్కితే వస్తుంది, ఫోనులో యాప్ కీబోర్డులోనే ఉంటుంది. లేదా స్లైడరు చేసేటప్పుడే సంఖ్య కాకుండా కోణం అని ఎంచుకోండి. ఒక మాట, ఆ తప్పు ఫైలు చెరపకండి. రేపు ముందు అదే తెర మీద పెట్టి, ఎందుకిలా వచ్చిందో చెప్పండి అని ఆ ఇరవై మందినీ అడగండి. టీచర్లు నోరు విప్పేది అక్కడే.

రావులపాలెం లెక్కలు, 9:55
రేడియన్లు ఇంటర్లో కదా మేడం, పదో తరగతి పాఠంలో అవెందుకు?

లంక మేడం, 9:57
పాఠం పిల్లలకి. సమావేశం టీచర్లకి.

పాత నల్లబల్ల, 10:02
ఆగండాగండి. 1719 అన్నారా? నేను పైన రాసింది అదే అంకె! ఆర్యభటుడి ఎనిమిదో జ్య!

చదునుబల్ల, 10:03
కాకతాళీయం.

పాత నల్లబల్ల, 10:14
కాదు నాయనా. కాగితం మీద వేశాను. ఆయన వ్యాసార్ధం 3438 అంటే ఒక రేడియన్‌లో ఉన్న కళలు: 57.3 ఇంటూ 60. 30 డిగ్రీల జ్య అందులో సగం, అంటే 57.3 ఇంటూ 30. మేడం కట్టిన 30 రేడియన్లూ 57.3 ఇంటూ 30. రెండూ ఒకటే గుణకారం. మా ఆవిడ ఈ రాత్రప్పుడు నవ్వేంటని అడుగుతోంది.

చదునుబల్ల, 10:16
ఒప్పుకున్నాను.

అత్తిలి కొత్త టీచరు, 10:20
నమస్తే అండీ. నేను చేరి రెండేళ్ళయింది. ఇక్కడ మాట్లాడుకునేలాంటివి ఎక్కడ నేర్పుతారండీ? మాకు వచ్చేవన్నీ అన్ని సబ్జెక్టులకీ కలిపి ఉంటున్నాయి.

లంక మేడం, 10:31
దగ్గర్లో అయితే డైట్‌లు, అంటే జిల్లా స్థాయి టీచర్ల విద్యా సంస్థలు: మీకు దూబచర్ల డైట్, మాకు బొమ్మూరు డైట్. అక్కడ లెక్కల లెక్చరర్లతో పరిచయం పెంచుకోండి. దక్షిణాది రాష్ట్రాల టీచర్లకి మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ ఉంది, 1963 నుంచి. చెన్నైలో 1965లో పెట్టిన గణిత ఉపాధ్యాయుల సంఘం వార్షిక సదస్సులు జరుపుతుంది, పత్రిక వేస్తుంది. లోతుగా కావాలంటే ముంబయిలో హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం, చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరెలో బెంగళూరు ఐఐఎస్సీ వాళ్ళ శిక్షణ కేంద్రం. మొదటిసారి వెళ్ళేటప్పుడు తోడుగా మీ మండలం నుంచి ఇంకొక లెక్కల టీచర్ని పట్టుకెళ్ళండి. ఒంటరిగా నేర్చుకొస్తే వారం తిరిగేసరికి పాత పాఠమే చెబుతాం.

గట్టుమీద, 10:33
శిక్షణ కేంద్రం అన్నారు మేడం.

లంక మేడం, 10:34
రాత్రి పదిన్నరకి వదిలేద్దురూ.

కొబ్బరాకు, 10:40
వచ్చేసిందండీ, గుర్తు పెట్టగానే 30 దగ్గర అర వచ్చింది. చదునుబల్ల గారు తొమ్మిదీ ముప్పైయ్యారుకే చెప్పారు, చూళ్ళేదు. థాంక్స్ అందరికీ. అన్నం తినాలి.

అత్తిలి కొత్త టీచరు, 10:44
మాస్టారూ, ఆ రెండు ఫైళ్ళూ, తప్పుదీ ఒప్పుదీ, ఇక్కడ పెడతారా? మైసూరు వెళ్ళాలంటే ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) ఎవరు ఇస్తారండీ, హెచ్ఎం గారా, ఎంఈఓ గారా?

రావులపాలెం లెక్కలు, మర్నాడు ఉదయం 6:05
ఓడీ సంగతి నాకూ కావాలండీ.