కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ విషయంలో స్కూల్ కౌన్సెలర్ సాయం తీసుకున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

ఫ్రిస్కో అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఆగస్టులో 12వ తరగతికి వచ్చాడు. వచ్చే గురువారం వాడి స్కూల్ కౌన్సెలర్‌తో ఇరవై నిమిషాల మీటింగ్ ఉంది. ఇన్నేళ్లలో ఆవిడతో మేం మాట్లాడిందల్లా ఏపీ (కాలేజీ స్థాయి) సబ్జెక్టులు ఎన్ని తీసుకోవాలన్న దాని గురించే. ఈసారి ఫీజుల సంగతి ఎత్తాలనుకుంటున్నాను.

మావారు మాత్రం "మన జీతాలకి ఎయిడ్ ఎవరిస్తారు, మన లెక్కలన్నీ స్కూల్ వాళ్ల ముందు పరచడం ఎందుకు" అంటున్నారు. మా టెక్సాస్‌లో హైస్కూల్ పూర్తవ్వాలంటే ఫాఫ్సా, అంటే కాలేజీకి ప్రభుత్వ సాయం అడిగే ఫారం, నింపాలి, లేదంటే మాకొద్దని ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ ఫారం ఆయన అప్పుడే ప్రింట్ తీసి పెట్టేశారు. మేమిద్దరం ఇంకా హెచ్-1 ఉద్యోగ వీసాలోనే ఉన్నాం, బాబు ఇక్కడే పుట్టాడు. అసలు మాకు అర్హత ఉందా? కౌన్సెలర్‌ని ఏం అడగాలి?

ఇద్దరు పిల్లల నాన్న

ఆ ఫారం పక్కన పెట్టించండి. బాబు ఇక్కడి పౌరుడు, కాబట్టి ఫెడరల్ ఎయిడ్‌కి వాడి అర్హత చూస్తారు. మీ వీసాతో దానికి పని లేదు. జీతాలు ఎక్కువని గ్రాంట్ రాకపోవచ్చు. కానీ అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌కి (చదువుతుండగానే వడ్డీ పడే ప్రభుత్వ అప్పు) ఆదాయంతో పని లేదు, అది కావాలన్నా ఫాఫ్సా నింపాల్సిందే.

మా సంగతి చెప్తాను. పెద్దమ్మాయి 12లో ఉండగా ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి హెచ్-1 వాళ్లకి ఉండే ఆ అరవై రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఫాఫ్సా చూసేది రెండేళ్ల కిందటి టాక్స్ రిటర్న్. అంటే కాలేజీల లెక్కలో నేను ఇంకా నిండు జీతం తీసుకుంటూనే ఉన్నాను. ఈ విషయం బయట ఎక్కడా అనొద్దని పిల్లలకి గట్టిగా చెప్పాను.

అమ్మాయి కౌన్సెలర్ గదిలో కూర్చుని ఏడ్చేసిందట. ఆవిడ నాకు ఫోన్ చేస్తే ముందు కోపమే వచ్చింది. తర్వాత ఆవిడ చెప్పింది విన్నాను. కుటుంబం పరిస్థితి మారితే కాలేజీ ఎయిడ్ ఆఫీసుని లెక్క మళ్లీ చూడమని అడగవచ్చట, ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారట. నేను రెండు పేజీల ఉత్తరం రాసుకుని వెళ్లాను. ఆవిడ పెన్ను తీసి మొదటి రెండు పేరాలు కొట్టేశారు. అందులో మా అమ్మాయి ఎంత బాగా చదువుతుందో రాశాను. "ఇది మెరిట్ కోసం రాసే ఉత్తరం కాదు. ఉద్యోగం పోయిన తేదీ, పాత జీతం, ఈ ఏడాది రాబోయే ఆదాయం. ఈ మూడూ మొదటి పేరాలో ఉండాలి" అన్నారు. ఉద్యోగం తీసేసిన లెటర్, చివరి పే స్టబ్ జత చేయించారు.

మూడు వారాలకి ఒక కాలేజీ గ్రాంట్‌ని 6,000 డాలర్లు పెంచింది. ఇంకోటి కుదరదంది. నిర్ణయం ఎప్పుడూ కాలేజీదే, కౌన్సెలర్‌ది కాదు. కానీ ఆ దారి ఒకటుందని చెప్పే మనిషి లేకపోతే నేను ఆ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు.

ఒక్కదాన్నే

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మా అబ్బాయి తండ్రి మమ్మల్ని వదిలేసి ఆరేళ్లయింది. ఎక్కడున్నాడో తెలీదు. ఫాఫ్సాతో ఇబ్బంది రాలేదు. విడిపోయిన తల్లిదండ్రుల్లో గడిచిన పన్నెండు నెలల్లో పిల్లల ఖర్చు ఎక్కువ భరించినవాళ్ల లెక్కే అది అడుగుతుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్ (కాలేజీలు తమ సొంత సాయం కోసం నింపమనే ఇంకో ఫారం) అడిగే ప్రైవేట్ కాలేజీలతోనే చిక్కు వచ్చింది. వాటిలో చాలావరకు ఆ రెండో మనిషి ఆదాయం కూడా చూపించమంటాయి. చూపించలేకపోతే మినహాయింపు కోసం అర్జీ పెట్టుకోవాలి. దానికి మన పరిస్థితి తెలిసిన బయటి మనిషి ఉత్తరం కావాలి. మామయ్యలూ పిన్నులూ రాస్తే సరిపోదు.

నాకు బయటి మనుషులెవరున్నారు? గుళ్లో, అపార్ట్‌మెంట్‌లో అందరికీ "ఆయన ఇండియాలో ప్రాజెక్టులో ఉన్నారు" అనే చెప్తూ వచ్చాను. స్కూల్లోనూ అదే మాట. చివరికి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ వెంటనే రాసిచ్చేస్తానని అనలేదు. "నాకు తెలిసిందే నేను రాయగలను" అన్నారు. స్కూల్ రికార్డు తెరిచి చూశారు. ఆరో తరగతి నుంచి ఏటా ఇచ్చే ఎమర్జెన్సీ కాంటాక్ట్ వివరాల్లో తండ్రి నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ. పర్మిషన్ స్లిప్పులన్నిటి మీదా నా సంతకమే. తండ్రి ఒక్క మీటింగ్‌కి కూడా రాలేదని, ఫోన్, ఈమెయిల్ ఏదీ స్కూల్ దగ్గర లేదని, ఆవిడ అంతవరకే రాశారు. ఆ ఉత్తరంలో జాలి మాటలు ఒక్కటి కూడా లేవు. అందుకే పనిచేసిందనుకుంటాను.

మూడు కాలేజీలకి అర్జీ పెడితే రెండు ఒప్పుకున్నాయి. ఏ కాలేజీ నిర్ణయం దానిదే. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే పిల్లలు తొమ్మిదిలో ఉండగానే కౌన్సెలర్‌కి చెప్పి ఉంచండి. నేను చెప్పకుండా దాచిన ఆరేళ్లే నాకు అడ్డమయ్యాయి.

హెచ్-4 అమ్మాయి తల్లి

మా అమ్మాయి మూడేళ్లప్పుడు వచ్చింది, ఇంకా హెచ్-4లోనే, అంటే మా హెచ్-1 మీద ఆధారపడిన వీసాలోనే, ఉంది. తనకి ఫెడరల్ ఎయిడ్ రాదు. కౌన్సెలర్ అందరికీ చెప్పినట్టే మాకూ ఫాఫ్సా నింపమన్నారు. వీసా సంగతి ఆయనకి నిజంగానే తెలీదు. కోప్పడి లాభం లేదనిపించి ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వీసా కాగితాలు చూపించి వివరంగా చెప్పాను. తర్వాత ఆయనే తొమ్మిది కాలేజీలకి ఈమెయిల్ పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు: హెచ్-4 విద్యార్థిని ఇంటర్నేషనల్‌గా చూస్తారా, కాలేజీ సొంత నిధుల నుంచి సాయం ఇస్తారా. వచ్చిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేవు. కానీ అప్లికేషన్ ఫీజులు కట్టకముందే తెలిసింది, నాలుగు కాలేజీలు లిస్టు నుంచి తీసేశాం. నేను అడిగి ఉంటే అంత త్వరగా జవాబులు వచ్చేవి కాదు.

బడిలో పనిచేస్తాను

నేను ఒక పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌ని. మా వృత్తి సంఘం ఒక కౌన్సెలర్‌కి 250 మంది విద్యార్థులు మించకూడదంటుంది. నా దగ్గర నాలుగు వందలు దాటారు. నా మటుకు నేను తలుపు మూసుకుని ఎప్పుడూ కూర్చోను. కానీ మీ ఇంటి పరిస్థితి నేను కనిపెట్టి అడగాలంటే అయ్యే పని కాదు. మీరే రావాలి.

మన తెలుగువాళ్లు నా దగ్గరికి ర్యాంకు గురించి, రికమండేషన్ గురించి వస్తారు. డబ్బు మాట రాగానే "దాన్ని మేం చూసుకుంటాం" అని లేచిపోతారు. ఏప్రిల్‌లో మళ్లీ వస్తారు, అప్పటికి చాలా గడువులు దాటిపోయి ఉంటాయి. 11వ తరగతి ఫిబ్రవరి, మార్చిల్లో రండి. మీరు అనుకుంటున్న కాలేజీల వెబ్‌సైట్లలో సాయం పోను మీకు ఎంత పడుతుందో అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, పెట్టి తీరాలని చట్టమే ఉంది. నాలుగు కాలేజీలవి లెక్కేసి ఆ ప్రింట్లు తీసుకొస్తే మన ఇరవై నిమిషాలూ అసలు విషయానికి సరిపోతాయి.

ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఎస్ఏటీ ఫీజు మినహాయింపు కోడ్ మేమే ఇస్తాం. అది ఉంటే చాలా కాలేజీల అప్లికేషన్ ఫీజు కూడా పోతుంది. సీఎస్ఎస్ ప్రొఫైల్‌కి మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకి అదీ ఉచితమే. లక్ష అంటే మనవాళ్లలో చాలామంది ఇందులోకి వస్తారు, కానీ అడగరు.

మేం చేయకూడనివీ ఉన్నాయి. ఫాఫ్సాలోకి లాగిన్ అయ్యే మీ ఎఫ్ఎస్ఏ ఐడీ పాస్‌వర్డ్ నాకు ఇవ్వకండి, ఎవరికీ ఇవ్వకండి. టాక్స్ సలహా నేను ఇవ్వలేను. ఇండియాలో ఫ్లాట్ ఉంటే రాయాలా అని ప్రతి ఏడాదీ అడుగుతారు. మీరు ఉంటున్న ఇల్లు ఫాఫ్సాలో లెక్కలోకి రాదు, మిగతా స్థలాలూ ఇళ్లూ ఎక్కడున్నా ఆస్తే. దాచమని ఎవరైనా డబ్బు తీసుకుని సలహా ఇస్తుంటే వాళ్లకి దూరంగా ఉండండి. ఫాఫ్సాకి రూపాయి ఖర్చు లేదు.

ఫ్రిస్కో అమ్మ

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. ఒక్కదాన్నే గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక చిన్న సందేహం. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే సాయం ఎక్కువ వస్తుందని విన్నాను, నిజమేనా?

బడిలో పనిచేస్తాను

ఫాఫ్సాలో ఆ సౌకర్యం 2024-25 నుంచి తీసేశారు. సీఎస్ఎస్ అడిగే కాలేజీల్లో చాలావాటికి అది ఇంకా లెక్కే. ఆ సంగతి ఒక్కో కాలేజీని అడగాలి.

ఇప్పుడు సోఫోమోర్‌ని

నేను కాలేజీ రెండో ఏడాదిలో ఉన్నాను, పిల్లల వైపు నుంచి చెప్తాను. మా బ్యాచ్‌కి ఫాఫ్సా మామూలుగా వచ్చే అక్టోబర్‌లో రాలేదు, 2023 డిసెంబర్ చివర్లో తెరిచారు. మా అమ్మకి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు. అలాంటి తల్లిదండ్రుల వివరాలు మార్చి వరకు ఆ ఫారం తీసుకోనే లేదు. నా తప్పేమోనని రాత్రిళ్లు పదే పదే నింపేదాన్ని. మా కౌన్సెలర్ ఒక రోజు పిలిచి, "ఇది నీ తప్పు కాదు, దేశమంతా ఇలాగే ఉంది" అని చెప్పి, నేను అప్లై చేసిన కాలేజీల కొత్త గడువులు కాగితం మీద రాసిచ్చింది. ఆ టెన్షన్ ఆ రోజుతో సగం తగ్గింది.

ఎంత సాయం ఇస్తారో కాలేజీలు చెప్పే అవార్డ్ లెటర్లు వచ్చినప్పుడు అమ్మానాన్నలని కూడా తీసుకురమ్మంది. ఒక లెటర్లో చివర బ్యాలెన్స్ సున్నా అని ఉంది. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆవిడ పసుపు హైలైటర్‌తో గ్రాంట్లు, గులాబీ రంగుతో అప్పులు గీసింది. పేజీ దాదాపు అంతా గులాబీ అయింది. నా పేరు మీద 5,500 లోన్, దాని కింద పేరెంట్ ప్లస్ అని, అంటే అమ్మానాన్నల పేరు మీద తీసుకునే అప్పు, ఇంకా పెద్ద అంకె. ఆ ప్లస్ లోన్ కూడా కలిపేసి సున్నా చూపించారు. రెండో కాలేజీ లెటర్లో బ్యాలెన్స్ 9,000 అని ఉంది కానీ అందులో పసుపే ఎక్కువ. నాన్న వేలితో పసుపు గీతలన్నీ ఒక్కొక్కటిగా కూడుకుంటూ వెళ్లడం నాకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు ఆ రెండో కాలేజీలోనే చదువుతున్నాను.

ఆంటీ, మీటింగ్‌కి మీ అబ్బాయిని కూడా కూర్చోపెట్టండి. మాకు అన్నీ తెలుస్తాయి. తెలీనట్టు ఉండటమే కష్టం.

ఫ్రిస్కో అమ్మ

మీటింగ్ అయింది. ముగ్గురం వెళ్లాం. కాలిక్యులేటర్ ప్రింట్లు చూసి ఆవిడ సంతోషించారు, ఇలా తయారై వచ్చేవాళ్లు తక్కువట. మా లెక్కకి పెల్ గ్రాంట్ (ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చేది) రాదు, అది తేలిపోయింది. లిస్టులో ఉన్న రెండు ప్రైవేట్ కాలేజీలు సీఎస్ఎస్ అడుగుతాయి.

లేవబోతుండగా మావారు తమంతట తామే అడిగారు. మా మామగారికి విజయవాడలో మూడేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది, నెలనెలా మావారు పంపేది తన జీతంలో చాలా పెద్ద భాగం. "ఇది ఎక్కడైనా చెప్పుకోవచ్చా?" అన్నారు. నా ముందు కూడా ఆయన ఆ మొత్తం ఎప్పుడూ పైకి అనలేదు. ఫాఫ్సాలో చోటు లేదు కానీ సీఎస్ఎస్‌లో ప్రత్యేక పరిస్థితులు రాసే భాగం ఉందని, పంపిన రసీదులు, ఆసుపత్రి బిల్లులు దగ్గర పెట్టుకోమని, రాసిన పేరా తనకి చూపించమని ఆవిడ చెప్పారు. లెక్కలోకి తీసుకుంటారని మాట ఇవ్వలేనని కూడా చెప్పారు.

నిన్న రాత్రి నుంచి ఆయన బ్యాంక్ రసీదులు ప్రింట్ తీసి, రూపాయల పక్కన డాలర్లు పెన్నుతో వేస్తున్నారు. వద్దనే ఫారం చించేశాం. ఇద్దరు పిల్లల నాన్న గారూ, ఆ పేరా ఎలా మొదలుపెట్టమంటారు?

ఇద్దరు పిల్లల నాన్న

మొదటి వాక్యంలో మామగారి జబ్బు పేరు, మొదలైన నెల, ఏడాదికి పంపే మొత్తం రాయండి. ఆయన మీ మీదే ఆధారపడి ఉన్నారన్నది రెండో వాక్యంలో చెప్పండి. రాశాక ఇక్కడ పెట్టండి, అంకెలు చెరిపేసి. నేను చూస్తాను.