షేర్డ్ స్టోరేజ్‌లో ఉన్న మీడియాను మళ్ళీ కాపీ చేయకుండా డీఐకి, సౌండ్‌కి ఇవ్వడం ఎలా?

ప్రశ్న – అసిస్టెంట్ ఎడిటర్, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా దగ్గర మూడు మీడియా కంపోజర్ (అవిడ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) సిస్టమ్‌లు, డీఐ (డిజిటల్ ఇంటర్మీడియట్, అంటే సినిమా రంగులు దిద్దే పని) గదిలో ఒక డావిన్చి రిజాల్వ్, సౌండ్ గదిలో ఒక ప్రో టూల్స్ ఉన్నాయి. అన్నీ 10 గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఒకే స్టోరేజ్‌కి కలిసి ఉన్నాయి. అయినప్పటికీ రీల్ (సినిమాలో ఒక భాగం) ఎడిట్ లాక్ అయిన ప్రతిసారీ ఏఏఎఫ్‌తో (ఎడిట్ వివరాలను వేరే సాఫ్ట్‌వేర్‌కి చేరవేసే ఫైల్) పాటు మీడియా మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి వేరే ఫోల్డర్‌లో పెట్టి ఇస్తున్నాము. దర్శకుడు గారు రెండు షాట్లు మార్చినా ఆ పని మళ్ళీ మొదటికి వస్తోంది. నిన్న 20 నిమిషాల రీల్‌కి ఆడియో అంతా ఏఏఎఫ్‌లోనే కలిపి ఇవ్వబోతే ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోయింది. ఆ రెండు గదులవారు అసలు ఫైళ్ళనే నేరుగా చదువుకునే మార్గం ఉంటే దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 – పోస్ట్ ప్రొడక్షన్ సూపర్‌వైజర్

మార్గం ఉందండీ. ముందు మీ ఎక్స్‌పోర్ట్ ఎందుకు ఆగిందో చూద్దాం. ఆడియోను లోపలే కలిపే ఏఏఎఫ్‌కి 2 జీబీ హద్దు ఉంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ ఒకటి 20 నిమిషాలకు సుమారు 173 ఎంబీ అవుతుంది కాబట్టి, నిండుగా ఉన్న ట్రాక్‌లు 12, 13 చేరేసరికే ఆ హద్దు దాటిపోతుంది.

మీ స్టోరేజ్ ఒక్కటే కనుక ఏఏఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో మీడియాను కాపీ చేయమని కాకుండా లింక్ చేయమని ఎంచుకోండి. అప్పుడు ఆ ఫైల్‌లో కట్‌ల వివరాలు, మీడియా ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటాయి గనుక అది కొన్ని ఎంబీలకు మించదు. ప్రో టూల్స్‌లో దిగుమతి చేసుకునేటప్పుడు కూడా కాపీ బదులు మూల మీడియాకు లింక్ అనే ఎంపికనే తీసుకోవాలి.

చిక్కంతా ఆ దారి దగ్గరే వస్తుంది. మీడియా కంపోజర్ తన ఎంఎక్స్ఎఫ్ (వీడియో, ఆడియో దాచే) ఫైళ్ళను లోపలి గుర్తింపు సంఖ్యతో పోల్చుకుంటుంది కాబట్టి ఫోల్డర్ మారినా వాటిని పట్టుకోగలదు. అదే స్టోరేజ్ మీ విండోస్‌లో జడ్ డ్రైవ్‌గానూ డీఐ గది మ్యాక్‌లో మరో పేరుతోనూ కనిపిస్తుంటే, ఏఏఎఫ్‌లో రాసి ఉన్న దారి అక్కడ చెల్లదు. రిజాల్వ్ ప్రిఫరెన్స్‌లలో మీడియా స్టోరేజ్ కింద మ్యాప్డ్ మౌంట్ అనే గడి ఉంటుంది. మీ వైపు దారిని అందులో ఒకసారి రాసి ఉంచితే ప్రతి రీల్‌కి చేత్తో వెతికి కలిపే శ్రమ తప్పుతుంది.

జవాబు 2 – ఎడిటర్

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక జాగ్రత్త చెబుతాను. మా సూట్‌లో రెండు సిస్టమ్‌లు అవిడ్ మీడియా ఫైల్స్‌లోని 1 అనే ఒకే ఫోల్డర్‌లో రాసేవి. ఒకరు రెండర్ చేసిన ప్రతిసారీ రెండోవారి సిస్టమ్ ఆ ఫోల్డర్‌లో ఏ మీడియా ఉందో రాసి ఉంచే ఎండీబీ, పీఎంఆర్ అనే జాబితా ఫైళ్ళను మళ్ళీ తయారుచేసుకుంటూ కూర్చునేది. ఒక రాత్రి సగం టైమ్‌లైన్ మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రబడింది. ఆ జాబితాలు రెండూ తీసివేసి కొత్తగా కట్టనిస్తే ఫుటేజ్ అంతా తిరిగి వచ్చింది గాని, ఆ రెండు గంటలు మేము పడ్డ ఆందోళన మీకు రాకూడదు. సిస్టమ్ పేరుతో ఎవరి ఫోల్డర్ వారికి పెట్టండి. రాసే హక్కు ఒక్కరికే ఉండాలి, మిగిలినవారు చదివితే చాలు.

డీఐ, సౌండ్ గదులకు కూడా చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. ప్రో టూల్స్‌లో క్లిప్‌ను తొలగించేటప్పుడు డిస్క్ నుంచే చెరిపేసే ఎంపిక కూడా ఉంటుంది. లింక్ పద్ధతిలో అక్కడ చెరిగేది మీ అసలు ఫైలే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేము డీఎన్ఎక్స్ 36 ప్రాక్సీలతో (అసలు ఫైళ్ళకు బదులు వాడే తేలికైన కాపీలు) ఎడిట్ చేస్తున్నాము. అదే లింక్ డీఐకి సరిపోతుందా? అలాగే మిక్సింగ్ బయటి స్టూడియోలో జరిగితే ఏం చేయాలి?

జవాబు 1 – పోస్ట్ ప్రొడక్షన్ సూపర్‌వైజర్

డీఐకి ప్రాక్సీలు సరిపోవు. అవి సెకనుకు 36 మెగాబిట్లు, అంటే గంటకు సుమారు 16 జీబీ మాత్రమే; కలర్ పనికి కెమెరా అసలు ఫైళ్ళే కావాలి. వాటిని కూడా అదే స్టోరేజ్‌లో ఉంచి, రీల్ పేరు (ఇక్కడ కెమెరా కార్డు లేదా క్లిప్ పేరు), టైమ్‌కోడ్ ఆధారంగా రిజాల్వ్‌లో కలుపుకోమనండి. ఆ రెండూ ప్రాక్సీలు తయారుచేసిన రోజునే సరిగ్గా నమోదై ఉండాలి కాబట్టి ఈరోజే మీడియా కంపోజర్‌లో ఒక బిన్ (క్లిప్‌ల జాబితా) తెరిచి ఆ కాలమ్‌లు చూడండి.

బయటి స్టూడియోకి లింక్ పనికిరాదు. వాడిన ముక్కలను మాత్రమే, రెండు కొసలా 100 ఫ్రేమ్‌ల హ్యాండిల్స్‌తో (అదనపు కొసలతో) కన్సాలిడేట్ చేసి, అంటే ఆ ముక్కలకే కొత్త ఫైళ్ళు తయారుచేసి, ఏఏఎఫ్‌ను, ఆడియోను ఒకే ఫోల్డర్‌లో పెట్టి, టైమ్‌కోడ్ కనిపించే రిఫరెన్స్ వీడియోతో పాటు పంపండి.